పినతుబో మేఘం గీత మొదలే కాకపోతే

ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం, మా అనంతపురం దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి, 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. 1991 జూన్ 15న అది పేలినప్పుడు లేచిన గంధక మేఘం ఎటు పోయిందో మా డిగ్రీ పిల్లలకు చూపిద్దామని గాలి ఏ దారిన పోతుందో లెక్కగట్టి పటం మీద గీతగా చూపే హైస్‌ప్లిట్ ప్రోగ్రాం పెట్టుకున్నా. 20 కిలోమీటర్ల ఎత్తు ఇస్తే గీతే రాదు!

కారణం చిన్నదే. ఆ ప్రోగ్రాంలో మోడల్ పైహద్దు, అంటే ఎంత ఎత్తు దాకా లెక్కగట్టాలన్నది, ముందే 10,000 మీటర్లకు పెట్టి ఉంటుంది. పొగ, దుమ్ము లెక్కలకు అది చాలు, అగ్నిపర్వతానికి చాలదు. దాన్ని 30,000 చేశా. గాలుల ఫైలు కూడా అంతెత్తు ఉండాలి కదా. ఎన్‌సీఈపీ రీఎనాలిసిస్ అనే పాత వాతావరణ రికార్డు 10 హెక్టోపాస్కల్స్ గాలి పీడనం దాకా, అంటే సుమారు 31 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఇంకోటి: అవి నెలవారీ ఫైళ్లు. జూలైది కూడా జత చేయకపోతే జూన్ ఆఖరున గీత తెగిపోతుంది.

ఇక గీత పడమరకు సాగింది. అయితే ఒక్క గీత మేఘం కాదు. 18, 20, 22, 25 కిలోమీటర్ల నుంచి వేర్వేరుగా వదిలితేనే, ఎత్తును బట్టి గాలి వేగం మారి మేఘం ఎలా సాగిపోతుందో తెలుస్తుంది. అసలు మేఘం సుమారు 22 రోజుల్లో భూమిని చుట్టిందని ఉపగ్రహాలు చూపాయి. ఆ లెక్కన మన రేఖాంశానికి రెండున్నర రోజుల దారి. బరువైన బూడిద త్వరగానే రాలిపోతుంది. ఏడాదికి పైగా పైన నిలిచింది గంధకామ్ల తుంపరలే. వాటికి ఈ గీతలు చాలవు, ఒక్కో గీత బదులు బోలెడు రేణువులను వదిలి లెక్కగట్టే రేణువుల మోడ్‌లో నడపాలి.