లాన్‌లో మోల్స్ బెడద: మా ఇంట్లో పనిచేసిన పద్ధతి

మాది అమెరికాలోని ఒహాయో. వసంతం రాగానే మోల్స్, అంటే నేల కింద సొరంగాలు తవ్వే చిన్న జంతువుల వల్ల, లాన్ అంతా నరాలు ఉబ్బినట్టు సొరంగాలు లేచేవి, అడుగేస్తే కాలు మెత్తగా దిగబడేది. ఆముదం గుళికలు, నేలలో గుచ్చే సోలార్ శబ్దం పుల్లలు, గ్రబ్స్ (మట్టిలో బతికే పురుగుల లార్వాలు) మందు అన్నీ వాడాం, లాభం లేదు. గ్రబ్స్ చచ్చినా వానపాములుంటాయి కదా, మోల్‌కి ముఖ్యమైన తిండి అవే.

చివరికి పనిచేసింది కత్తెర ట్రాప్. అది పెట్టే చోటులోనే ఉంది కిటుకంతా. వంకరటింకర సొరంగాలు చాలావరకు ఒకసారి తిండి వెతుక్కుని వదిలేసినవి. డ్రైవ్‌వే అంచు వెంట తిన్నగా పోయేవే తరచూ తిరిగే దారులు. సాయంత్రం అన్నింటినీ అక్కడక్కడా కాలితో తొక్కి, పక్కన చిన్న జెండాలు గుచ్చాను. మర్నాటికి మళ్లీ ఉబ్బిన చోట జానెడు మేర తవ్వి, రాళ్లు ఏరేసి, అదే మట్టిని వదులుగా నింపాను. ట్రాప్ దవడలు సొరంగానికి చెరోవైపు దిగాలి, మధ్యలోని రేకు ఆ మట్టికి ఆనీ ఆనకుండా ఉండాలి. దారి బాగుచేసుకుంటూ మోల్ మట్టిని పైకి నెట్టగానే రేకు లేచి కత్తెర మూసుకుంటుంది. పిల్లలు ఆడే చోటు కాబట్టి పైన బకెట్ బోర్లించి బరువు పెట్టాం. ప్రాణం తీయడం మనసుకు కష్టంగానే అనిపించింది.

మాది ఈస్టర్న్ మోల్, మిగతా రకాలకు ఇదే కుదురుతుందని చెప్పలేను. సియాటిల్ వైపు వాళ్లు ముందు రూల్స్ చూసుకోండి, 2000లో ఓటర్లు ఆమోదించిన చట్టంతో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి ట్రాప్‌లపై నిషేధం వచ్చింది. ఇంటి వెనక అడవి ఉంటే ఖాళీ సొరంగాల్లోకి ఇంకోటి రావచ్చు, ట్రాప్ దాచి ఉంచుకోండి.