రిక్తికను ఉల్లిగడ్డలో, చెరువు నీళ్లలో చూపించే తీరు

రిక్తిక (వాక్యూల్) అనే పేరు వినగానే పిల్లలు ఖాళీ గది అనుకుంటారు. నిజానికి అది కణం లోపల ద్రవం నిండిన సంచి. ఎదిగిన మొక్క కణంలో ఎక్కువ జాగా దానిదే. నీళ్లు, చక్కెరలు, లవణాలు, ఆమ్లాలు, ఊదారంగు అన్నీ అందులోనే నిల్వ ఉంటాయి. బోర్డు మీద బొమ్మ కంటే ఒక ఎర్ర ఉల్లిగడ్డ ఈ సంగతి బాగా చెప్తుంది.

ఎండు పొట్టు తీసేసి, కండ ఉన్న మొదటి రేకును విరవండి. రంగు ఉండేది రేకు వెలుపలి పొరలో. లోపలి పొర సులువుగా ఊడి వస్తుందని చాలామంది దాన్నే తీస్తారు. అందులో రంగుండదు కాబట్టి రిక్తిక తెలియదు. గోరంత ముక్కను స్లైడు మీద నీటిచుక్కలో ముడత లేకుండా పరిచి, పలచటి గాజుబిళ్ల అయిన కవర్‌స్లిప్‌ను ఏటవాలుగా దించండి. ఒక్కసారిగా వదిలితే గాలిబుడగలు చేరుతాయి. నల్లటి అంచుతో గుండ్రంగా కనిపించే ఆ బుడగలనే పిల్లలు రిక్తికలని రికార్డులో గీసేస్తారు.

ముందు మామూలు నీళ్లలో సూక్ష్మదర్శిని కింద చూడండి: రంగు గోడ నుంచి గోడ దాకా నిండుగా ఉంటుంది. తర్వాత 100 మి.లీ. నీటిలో 5 గ్రా. ఉప్పు కరిగించి, కవర్‌స్లిప్ ఒక అంచున రెండు చుక్కలు వేసి, ఎదుటి అంచున వడపోత కాగితం ఆనించండి. కొద్ది నిమిషాల్లో రంగు గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది, ముదురుతుంది కూడా. నీళ్లు బయటికి పోయాయి, రంగు లోపలే మిగిలింది. అదే దారిలో మంచినీళ్లు పంపితే కణం మళ్లీ నిండుతుంది. ఉప్పు మరీ ఎక్కువైతే కణం చచ్చిపోతుంది, ఇక తిరిగి నిండదు. మధ్యాహ్నం ఎండకు వాలిన మిరప ఆకులు పొద్దుగూకినంక లేచి నిలబడేదీ రిక్తికలు నీళ్లతో నిండడం వల్లనే.

జంతుకణాల్లో రిక్తికలు ఉన్నా చిన్నవే. బుగ్గ కణాల్లో వాటికోసం వెతకడం దండగ. పారమీషియం పట్టండి, అది జంతువు కాదు, ఏకకణజీవి, అయినా కణకవచం (మొక్క కణం చుట్టూ ఉండే గోడ) లేని కణం పాట్లు దానిలోనే కళ్లకు కడతాయి. గుప్పెడు వరిగడ్డిని నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, చల్లారాక వడ్డేపల్లి చెరువు లాంటి చోట ఒడ్డున ముంచిన నీళ్లు కొన్ని కలిపి, వారం రోజులు నీడలో ఉంచండి. స్లైడు మీద చుక్కలో నాలుగు పత్తి పోగులు వేస్తే వాటి మధ్య చిక్కి నెమ్మదిస్తుంది. రెండు కొసల దగ్గర ఒక్కో సంకోచ రిక్తిక నక్షత్రంలా విచ్చుకొని, ఉబ్బి, చటుక్కున మాయమవుతుంది. లోపలికి చొరబడే నీళ్లను అది తోడిపోస్తోంది. కాస్త ఉప్పు కలిస్తే లోపలికి వచ్చే నీళ్లు తగ్గి, తోడడం నెమ్మదిస్తుంది. దీనికి 100 మి.లీ.కు అర గ్రాము ఉప్పు చాలు. ఉల్లిగడ్డకు కలిపిన ఉప్పునీళ్లు పోస్తే పారమీషియం చచ్చిపోతుంది.