రెస్క్యూ సెంటర్‌లో కోతుల్ని ఎలా చూసుకోవాలి

ఇంట్లో కోతిని పెంచుకుందాం అనుకునేవాళ్ల కోసం ఇది రాయడం లేదు, దయచేసి ఆ పని చెయ్యకండి. రెస్క్యూ సెంటర్లలో, జూలలో కొత్తగా కీపర్లుగా చేరినవాళ్లకి, వాలంటీర్లుగా వచ్చేవాళ్లకి, నేను కోతుల మధ్య పనిచేస్తూ నేర్చుకున్నవి చెబుతున్నాను. చెప్పేది ఎక్కువగా బోనెట్ మకాక్‌ల గురించే, అంటే మన గుళ్ల దగ్గర కనిపించే, నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు ఉండే పొడుగు తోక కోతులు. ఉత్తరాది రీసస్ కోతికి తోక పొట్టి, వెనకభాగం ఎర్రగా ఉంటుంది. అవి కూడా గోదావరి దాటి కిందికి వస్తున్నాయి కాబట్టి రెండు రకాలూ మీ దగ్గరికి రావచ్చు, కానీ ఒకే గుంపులో కలపకండి.

మేము మల్లి అని పిలుచుకునే ఆడకోతి ఒకటి కోతుల్ని ఆడించేవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. జంతుహింస నిరోధక చట్టం కింద కోతుల్ని ఆడించడాన్ని 1998లోనే నిషేధించారు, అయినా అక్కడక్కడా ఇంకా సాగుతోంది. మల్లి మెడ చుట్టూ తాడు ఒరుసుకుపోయి చర్మం మొద్దుబారి ఉండేది. గేటు చప్పుడైతే చాలు, ఎడమ ముంజేతిని నోట్లో పెట్టుకుని కొరుక్కునేది. అక్కడ వెంట్రుక అన్నదే లేదు. డాక్టరు గారు మందు రాస్తే పుండు మానేది, పదిరోజుల్లో మళ్లీ మొదలు. అప్పట్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గిన్నెలో తిండి పెట్టేవాళ్లం. పావుగంటలో దవడ సంచుల్లోకి కుక్కేసుకునేది, ఇంక రోజంతా దానికి చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. అడవిలో కోతికి పగటి పొద్దులో చాలా భాగం తిండి వెతుక్కోవడంలోనే గడిచిపోతుంది. మనం పెట్టే గిన్నె ఆ పనిని లాగేసుకుంటుంది.

అందుకే అన్నిటికంటే ముందు గిన్నె తీసెయ్యండి. నేల మీద జానెడు మందంలో ఎండు వరిగడ్డి పరిచి, గుప్పెడు శనగలు, జొన్నలు, కొద్దిగా పల్లీలు చల్లండి. ఒక్కో గింజా వెతికి అన్నీ ఏరుకునేసరికి గంటలు పడుతుంది, ఆ గంటలే మనకి కావాల్సింది. గడ్డి తడిసినా, బూజు వాసన వచ్చినా వెంటనే మార్చాలి. ఇంకొంచెం కష్టమైన పని ఇవ్వాలంటే వెదురు బొంగుకి వేలు పట్టేంత రంధ్రాలు చేసి, లోపల పల్లీలు వేసి, రెండు చివర్లూ మూసి అడ్డంగా వేలాడదీయండి. మొదటిసారి కట్టినప్పుడు మల్లి రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడో రోజు బొంగుని ఊపి, చెవి దగ్గర పెట్టుకున్నట్టు తల వంచి, చూపుడు వేలు రంధ్రంలో పెట్టి గింజని ఒడ్డుకి జరుపుకుంటూ వచ్చింది. ఒక్క పల్లీ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో, ఆ సేపంతా ఎడమ చెయ్యి కొరుక్కోలేదు. బొంగుని పట్టుకోవడానికి ఆ చెయ్యి కావాల్సి వచ్చింది మరి.

రోజూ అదే బొంగు కడితే వారంలో విసుగొస్తుంది. ఒకరోజు బొంగు, ఒకరోజు ఆకులతో సహా మర్రి, రావి, మేడి కొమ్మలు, ఒకరోజు నీళ్ల తొట్టి అడుగున పళ్ల ముక్కలు, రోళ్లు పగిలే ఎండల్లో పళ్లు పెట్టి గడ్డ కట్టించిన ఐసు, ఇలా మారుస్తూ పోవాలి. గన్నేరు, ఉమ్మెత్త కొమ్మలు మాత్రం పొరపాటున కూడా లోపలికి వెళ్లకూడదు, విషం. బిస్కెట్లు, బ్రెడ్డు, గెలలకొద్దీ అరటిపళ్లు తెచ్చేవాళ్లు ఉంటారు. పెద్ద మనసుతోనే తెస్తారు, కానీ వద్దని చెప్పండి. మన తోటల పళ్లలో అడవి పళ్ల కంటే చక్కెర చాలా ఎక్కువ, కోతులకి ఒళ్లు రావడం, షుగరు రావడం, పళ్లు పుచ్చిపోవడం అందువల్లే. ఆకుకూరలు, కూరగాయలు ఎక్కువ పెట్టండి. మనలాగే కోతి ఒంట్లో కూడా విటమిన్ సి తయారు కాదు కాబట్టి ఉసిరి, జామ కొంచెం ఉండాలి.

ఇక ఎన్‌క్లోజర్, అంటే కోతులుండే కంచె వేసిన ఆవరణ సంగతి. అందరూ పొడవు, వెడల్పు కొలుస్తారు, నేనైతే ముందు ఎత్తు చూస్తాను. కోతి భయపడితే పైకి ఎక్కుతుంది, రాత్రి పడుకునేది కూడా పైనే. మనిషి తలకంటే ఎత్తులో కూర్చునే చోటు లేకపోతే దానికి రోజంతా టెన్షనే. గుంపులో ఎన్ని ఉన్నాయో అన్నింటికీ పైన చోటు ఉండాలి, లేకపోతే బలమైనది ఎక్కి కూర్చుని మిగతావాటిని దిగనివ్వదు, ఎక్కనివ్వదు. ఊగే కొమ్మలు, ఫైరింజన్ల పాత పైపులతో అల్లిన ఉయ్యాలలు బాగా పనిచేస్తాయి. తాళ్లు కడితే పోగులు ఊడకుండా, మెడ దూరే ఉచ్చులా వేలాడకుండా రోజూ చూసుకోవాలి. అడ్డుగోడలు గానీ, తడికలు గానీ పెట్టండి, తరుముతున్న కోతి కళ్లబడకుండా దాక్కోవడానికి. గది నుంచి గదికి రెండు దారులు ఉండాలి, ఒకటే ఉంటే గడుసుది దానికి అడ్డంగా కూర్చుంటుంది. తిండి కూడా ఒక్కచోట కాదు, కోతుల లెక్క కంటే ఎక్కువ చోట్ల పెట్టాలి.

తోడు లేకుండా ఇవన్నీ ఎన్ని చేసినా సగం పనే. 1950ల నుంచి అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త రీసస్ పిల్లల్ని తల్లి నుంచి వేరుచేసి పెంచాడు. ఒంటరిగా పెరిగినవి తమను తాము వాటేసుకుని ఊగుతూ, కొరుక్కుంటూ ఉండిపోయాయి. ఆ పిల్లలు పడ్డ బాధ గురించి చదివినప్పుడల్లా మనసు చేదవుతుంది. 1985లో అదే దేశం ల్యాబుల్లో కోతుల మానసిక క్షేమం కూడా చూడాలని చట్టంలోకి తెచ్చింది. కాబట్టి అనాథ పిల్ల దొరికితే మీ ఒళ్లో పెట్టుకుని పెంచెయ్యకండి, వీలైనంత త్వరగా మరో కోతి దగ్గరికి చేర్చండి.

కలపడం మాత్రం తొందరపడి చేస్తే రక్తపాతమే. ముందు మెష్‌కి, అంటే ఇనప జాలీకి, అటూ ఇటూ పక్కపక్కన ఉంచండి. పెదవులు చప్పరిస్తూ పలకరించుకున్నా, వెనక్కి తిరిగి కూర్చుని మెష్ సందులోంచి పేలు చూపించుకున్నా మంచి సూచన. నోరు తెరిచి గుడ్లురిమి చూస్తే ఆగండి. చప్పుడు లేకుండా పళ్లు ఇకిలిస్తే నవ్వుతోందని కొత్తవాళ్లు సంబరపడతారు, అది భయం, నేను నీకు లోబడ్డాను అని చెప్పడం. కొన్ని రోజులు మెష్ దగ్గర గొడవ లేకపోతేనే తలుపు తీయండి. అదీ పొద్దున పూట, మనుషులు సరిపడా ఉన్నప్పుడు.

వైద్యం కోసం ప్రతిసారీ వల వేసి పట్టుకోవాల్సిన పని లేదు. విజిల్ ఊది వెంటనే ఒక పల్లీ ఇవ్వడం అలవాటు చేస్తే, కొన్ని వారాల్లో తూకం బల్ల ఎక్కుతుంది, చెయ్యి చాపుతుంది. రానంటే వదిలెయ్యండి, బలవంతం ఒక్కసారి చేసినా నెల కష్టం పోతుంది.

మీ జాగ్రత్త కూడా చూసుకోండి. దగ్గు ఉన్నవాళ్లు లోపలికి వెళ్లకూడదు, మన టీబీ కోతులకి అంటుకుంటుంది. కోతి కరిచినా, రక్కినా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కరిచింది కోతి అని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే రేబిస్‌తో పాటు, మన ఈ రెండు రకాలూ చేరే మకాక్ జాతి కోతుల్లో ఉండే హెర్పిస్ బి వైరస్ గురించి కూడా ఆలోచించాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ ఒకే వేళల్లో పదేసి నిమిషాలు దూరంగా నిలబడి, ఎన్నిసార్లు కొరుక్కుంది, ఎంతసేపు ఒకే దారిలో అటూ ఇటూ తిరిగింది, ఎవరితో కూర్చుంది అని రాయండి. మల్లి నోట్‌బుక్ చూస్తేనే మాకు తెలిసింది, కొరుక్కోవడం ఎక్కువగా కూరగాయల బండి వచ్చే వేళకేనని. ఇప్పుడు దాని ముంజేతి మీద పల్చగా వెంట్రుకలొచ్చాయి, కానీ గేటు చప్పుడుకి చెయ్యి ఇంకా నోటి దాకా వెళ్తూనే ఉంటుంది. అందుకే బండి రావడానికి ఐదు నిమిషాల ముందే గడ్డిలో శనగలు చల్లేస్తున్నాం.