తుపాను నెలలకు ముందే ఆర్డర్లు, చెల్లింపులు సర్దుకోండి: విశాఖ ఎగుమతిదారులకు జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. దసరా, దీపావళికి ఇక్కడ బ్యాంకులు మూస్తారు. అక్టోబరు మొదటి వారంలో చైనాలో జాతీయ సెలవులు, డిసెంబరు చివర్లో పశ్చిమ దేశాల్లో క్రిస్మస్ సెలవులు. పర్చేజ్ ఆర్డర్లు, ఇన్వాయిస్‌లు, చెల్లింపుల ఆమోదాలు అన్నీ ఇప్పుడు వెబ్ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి కాబట్టి, రొయ్యల కంటైనర్ క్షేమంగా ఓడెక్కినా దాని డబ్బు మాత్రం నెలల తరబడి చిక్కుకుపోవచ్చు. ఈ పనులు సెప్టెంబరులోనే ముగించుకోవాలి.

అన్నిటికన్నా ముందు ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్: సరైన పత్రాలు గడువులోగా ఇస్తే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే హామీ) గడువులు చూడండి. ప్రపంచమంతటా బ్యాంకులు ఎల్‌సీలకు పాటించే యూసీపీ 600 నియమాలు 2007 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం గడువు ముగిసే రోజు బ్యాంకుకు మామూలు సెలవైతే, పత్రాలు ఇవ్వడానికి మరుసటి పనిదినం దాకా సమయం దొరుకుతుంది. ప్రకృతి వైపరీత్యం వల్ల బ్యాంకు మూతపడితే ఆ వెసులుబాటు లేదు. మూతపడిన రోజుల్లో గడువు తీరిపోయిన ఎల్‌సీ మీద, తిరిగి తెరిచాక బ్యాంకు డబ్బు చెల్లించదని 36వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఈ తీరంలో వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ ఈ అధికరణాన్ని ఒక్కసారైనా చదవాలి. పైగా, సరుకు ఓడకెక్కించాల్సిన ఆఖరి తేదీకి మామూలు సెలవుల పొడిగింపు కూడా వర్తించదు.

ఒక ఉదాహరణ చూద్దాం. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) మీద అక్టోబరు 10 తేదీ పడింది. ఎల్‌సీలో వేరే షరతు లేకపోతే 21 రోజుల్లోగా, అంటే అక్టోబరు 31 లోపు పత్రాలు బ్యాంకుకు అందాలి. కానీ ఎల్‌సీ గడువే అక్టోబరు 25 అయితే 31 సంగతి మరిచిపోండి, 25 దాటకూడదు. మీ సాఫ్ట్‌వేర్ పర్చేజ్ ఆర్డర్‌లోని షిప్‌మెంట్ తేదీని ఒక్కదాన్నే గుర్తుచేస్తుంటే అది చాలదు. ఓడకెక్కించే ఆఖరి తేదీ, పత్రాలు ఇవ్వాల్సిన ఆఖరి తేదీ, ఎల్‌సీ గడువు, ఆ గడువు ఏ ఊరి బ్యాంకులో తీరుతుంది అన్న నాలుగింటికీ విడివిడిగా గడులు పెట్టించండి. గడువు కొనుగోలుదారు దేశంలోని బ్యాంకులో తీరేటట్టుంటే కొరియర్ పట్టే రోజులు కూడా తీసేసి లెక్క వేసుకోండి.

చాలామంది మరో చోట కూడా పొరబడతారు. కొనుగోలుదారు ఫోన్ చేసి “తుపాను కదా, వారం ఆలస్యమైనా ఫర్వాలేదు” అంటాడు, సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్ తేదీ మార్చేస్తారు, తెర మీద అంతా పచ్చగా కనిపిస్తుంది. బ్యాంకుకు మాత్రం ఆర్డర్‌తో సంబంధం లేదు. ఎల్‌సీలో ఏముందో అదే చూస్తుంది. ఎల్‌సీకి అధికారికంగా సవరణ వచ్చేదాకా ఆ ఆర్డర్‌ను పాత తేదీతోనే ఉంచండి. గడువులు ఇరుకుగా ఉన్నవాటికి సముద్రం ప్రశాంతంగా ఉండగానే సవరణ అడగండి.

ఇక కనెక్షన్ల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. సాఫ్ట్‌వేర్ సర్వర్ ఎక్కడో భద్రంగా ఉంటుంది నిజమే, కానీ లాగిన్‌కు కావాల్సిన ఓటీపీ విశాఖలోని సిమ్‌కే రావాలి. అందుకని ఆమోదం ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఒక నమ్మకస్తుడికి సొంత లాగిన్‌తో ఇప్పించండి. మీ పాస్‌వర్డ్ ఆయనకు చెప్పడం పరిష్కారం కాదు. ఎవరు ఏం ఆమోదించారో రేపు ఆడిటర్ అడిగితే జవాబుండదు. చెల్లింపుల్లో నమోదు చేసేవారు ఒకరు, ఆమోదించేవారు మరొకరు అన్న పద్ధతిని ఎంత అత్యవసరమైనా సడలించవద్దు. పెండింగ్ ఆర్డర్ల పట్టికను వారానికోసారి డౌన్‌లోడ్ చేసి, ఒక ప్రతిని ఊరి బయట ఉన్నవారికి పంపండి.

మోసగాళ్లు ఎదురుచూసేది కూడా ఇలాంటి గందరగోళం కోసమే. “మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి కొత్త ఖాతాకు పంపండి” అంటూ సరఫరాదారు పేరుతో మెయిల్ వస్తుంది. చిరునామాలో ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం బదులు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే చిన్న తెర మీద తేడా తెలియదు. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, పరిచయమున్న గొంతుతో నిర్ధారించుకున్నాకే ఖాతా మార్చండి. ఖాతా మార్చే అధికారం, చెల్లింపు ఆమోదించే అధికారం ఒకే మనిషికి ఉండకూడదు.

బీమా కూడా ఒకసారి చూసుకోండి. సీఐఎఫ్ (ధరలోనే బీమా, ఓడ కిరాయి కలిపి) మీద అమ్మేవారు అంతర్జాతీయ అమ్మకపు షరతుల నియమాలైన ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం కనీసం ‘సి’ క్లాజుల బీమా తీసుకుంటే సరిపోతుంది. సరుకు బీమాలో ‘ఎ’ రక్షణ అన్నిటికన్నా విస్తృతం, ‘సి’ అన్నిటికన్నా తక్కువ. కానీ సముద్రపు నీరు కంటైనర్‌లోకో గోదాములోకో చేరి సరుకు పాడైతే ‘సి’లో రక్షణ లేదు, ‘బి’లో ఉంది. కేవలం ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని ‘ఎ’ కూడా భరించదు. ఘనీభవించిన రొయ్యలకైతే రీఫర్ (శీతల కంటైనర్) యంత్రం ఆగిపోవడానికి సంబంధించిన క్లాజులు వేరే ఉంటాయి. ఏజెంటును అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

వచ్చిన డబ్బును షిప్పింగ్ బిల్లుతో (ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) జతచేయించే పని మాత్రం ఎప్పటికప్పుడు చేసేయండి. ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో పాత బిల్లులు తెరిచి ఉంటే బ్యాంకు నుంచి ప్రశ్నలు తప్పవు.

తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, ఓడరేవు నోటీసు వెలువడిన రోజే వాటి ప్రతులను ఆయా ఆర్డర్లకు జతచేసి, కొనుగోలుదారుకు, బ్యాంకుకు మెయిల్ పంపండి. పత్రాలు సిద్ధంగా ఉన్న బిల్లులు ఏవైనా ఉంటే గాలి పెరగకముందే బ్యాంకులో ఇచ్చి రసీదు తీసుకోండి.