మెలకువగా ఉన్న రోగికి వీఆర్ హెడ్‌సెట్: చేతి ఆపరేషన్లలో పాటించవలసిన పద్ధతి

వేలు ముడుచుకుని బిగుసుకుపోయే ట్రిగ్గర్ ఫింగర్, మణికట్టు దగ్గర నరం నలిగే కార్పల్ టన్నెల్ వంటి వాటికి చేసే ఆపరేషన్లలో చాలావరకు ఆ భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు కాబట్టి రోగి మెలకువగానే ఉంటారు. కోత నొప్పి తెలియకపోయినా, ట్రేలో పనిముట్ల చప్పుడు, రక్తం ఆపడానికి కాల్చే కాటరీ పరికరం వాసన, పచ్చ గుడ్డకు అవతల ఏం జరుగుతోందోనన్న బెంగ మాత్రం తెలుస్తూనే ఉంటాయి. కళ్లకు పెట్టుకుంటే చుట్టూ మరో లోకం ఉన్నట్టు చూపించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పనిచేసేది ఈ బెంగ మీద. దాన్ని మత్తుమందుకు బదులుగా ఎప్పుడూ వాడకూడదు.

అమెరికాలోని సియాటెల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990లలో కాలిన గాయాల రోగులపై ఈ పద్ధతిని పరీక్షించారు. మనసు ఒక్కసారి పట్టించుకోగలిగే విషయాలకు హద్దు ఉంది కనుక, దృష్టి హెడ్‌సెట్‌లో కనిపించే మంచు లోయలో విహరిస్తుంటే నొప్పికి దక్కే వాటా తగ్గుతుందన్నది వారి ఆలోచన. 2022లో ప్రచురితమైన బోస్టన్ అధ్యయనంలో, చేతి ఆపరేషన్ చేయించుకున్న 34 మందిలో వీఆర్ పెట్టుకున్నవారికి నిద్రమత్తు కోసం ఇచ్చే ప్రొపొఫాల్ చాలా తక్కువ సరిపోయింది. అయితే ఆపరేషన్ చోట అదనంగా మత్తు ఇంజక్షన్ అవసరమైనవారు ఆ జట్టులోనే ఎక్కువ. కాబట్టి బ్లాక్ (ఆ భాగానికి ఇచ్చిన మత్తు) సరిగ్గా పట్టిందని నిర్ధారించుకున్న తరువాతే కోత మొదలుపెట్టాలి.

మూర్ఛ, తీవ్రమైన తలతిరుగుడు, కంటి ఇన్ఫెక్షన్, తలపైన లేదా ముఖంపైన గాయం ఉన్నవారికి హెడ్‌సెట్ పెట్టకండి. బస్సెక్కితేనే వాంతి వచ్చే స్వభావం ఉందా అని అందరినీ అడగండి. కళ్లు కప్పితే భయపడేవారిని, మతిమరుపు వల్ల తికమకపడేవారిని బలవంతపెట్టవద్దు. వద్దనుకుంటే ఏ క్షణంలోనైనా తీసేస్తామని ముందే మాట ఇవ్వండి.

దృశ్యం నెమ్మదిగా సాగాలి: ఒడ్డున కూర్చున్నట్టు, చెట్టు కింద నిలుచున్నట్టు ఉండాలి గానీ పరుగులు, ఎగరడాలు ఉండకూడదు. ఆపరేషన్ చేతిని కదపకూడదు కాబట్టి కంట్రోలర్లు అవసరం లేని దృశ్యాన్నే ఎంచుకోండి. దాన్ని ముందురోజే హెడ్‌సెట్‌లోకి దించి పెట్టుకోండి. థియేటర్‌లో వైఫై కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఊపిరి పీల్చమని, వదలమని ఇంగ్లీషులో చెప్పే గొంతు మన పల్లెల నుంచి వచ్చే పెద్దలకు ఉపయోగపడదు కనుక, మాటల్లేని వాన చప్పుడో, మీ సిస్టరు తెలుగులో రికార్డు చేసిన నాలుగు వాక్యాలో మేలు.

పడుకోబెట్టడం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మేము మొదటిసారి రోగిని కూర్చోబెట్టి హెడ్‌సెట్ సరిచేసి, ఆ తరువాత టేబుల్ మీద పడుకోబెట్టాము. ఆమె కళ్లకు ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. సముద్రం ఎక్కడో కాళ్లవైపు ఉండిపోయింది. దాన్ని చూడాలని పదేపదే తల ఎత్తి, నిమిషాల్లోనే వికారంగా ఉందన్నారు. తప్పు పూర్తిగా మాదే. అప్పటినుంచి రోగి వెల్లకిలా పడుకున్న తరువాతే దృశ్యాన్ని తిరిగి మధ్యకు తెస్తున్నాము. వెనుకవైపు గట్టి చక్రం ఉన్న పట్టీ తలకు ఒత్తుకుంటుంది. మెత్తని గుడ్డ పట్టీ వాడండి.

మత్తు సూదికి ఐదు నిమిషాల ముందే దృశ్యం మొదలుపెడితే రోగి దానికి అలవాటుపడతారు. హెడ్‌సెట్‌తో కళ్లు కప్పి ఉన్న మనిషిని చెప్పకుండా తాకకూడదు. "అమ్మా, ఇప్పుడు సూది వేస్తున్నాం, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పి, భుజం మీద చెయ్యి వేసిన తరువాతే పొడవాలి. మీ మాట వినిపించేంత తక్కువగా శబ్దం ఉంచండి.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన జాగ్రత్త ఇది. హెడ్‌సెట్ రోగి ముఖంలో సగాన్ని మనకు కనపడకుండా చేస్తుంది. మత్తుమందు రక్తంలో ఎక్కువైతే ముందుగా పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు కనిపించవచ్చు. దృశ్యంలో మునిగిన రోగి వాటిని తమంతట తాముగా చెప్పకపోవచ్చు. అందుకే తల దగ్గర ఒకరు వేరే పనేదీ పెట్టుకోకుండా కూర్చుని, రెండు మూడు నిమిషాలకొకసారి ఈ మూడింటినీ పేరుపేరునా అడగాలి, పెదవుల రంగు చూడాలి, మానిటర్ గమనించాలి. జవాబు తడబడినా, ఆలస్యమైనా వెంటనే హెడ్‌సెట్ తీసి మత్తు డాక్టరుకు చెప్పాలి. నొప్పి అంటే దృశ్యం మార్చడం కాదు, సర్జన్‌ను ఆపమని అడిగి మందు చాలిందో లేదో చూడాలి.

కట్టు కట్టాక శబ్దం తగ్గించి, కళ్లు మూసుకోమని చెప్పి హెడ్‌సెట్ తీయండి. వెంటనే లేపకుండా కాసేపు పడుకోనిచ్చి, తల తిరగడం లేదని అడిగి తెలుసుకున్నాక, మొదట కూర్చోబెట్టి, ఆ తరువాత నిలబెట్టండి. ముఖానికి ఆనే సిలికాన్ తొడుగును తయారీదారు సూచించిన క్రిమిసంహారక తుడుపుతో, అద్దాలను పొడి మెత్తని గుడ్డతో తుడిచి, తొడుగు పూర్తిగా ఆరాకే తరువాతి రోగికి వాడండి.