మ్యాడ్‌విలనీ వినిపించి, విన్నవాళ్ల స్పందన రాబట్టడం ఎలా

మ్యాడ్‌విలనీ అనే ర్యాప్ ఆల్బమ్‌ను మొదటిసారి విన్నవాళ్లను ఎలా ఉందని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబులు రెండు: అదిరిందనో, అర్థం కాలేదనో. రెండింటితోనూ ఏమీ తెలియదు. ఏ నిమిషంలో, ఏ శబ్దం దగ్గర అలా అనిపించిందో రాబట్టాలి.

2004 మార్చిలో స్టోన్స్ త్రో అనే మ్యూజిక్ కంపెనీ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌లో ర్యాప్ ఎంఎఫ్ డూమ్‌ది, బీట్లు, అంటే వెనక వినిపించే సంగీతం, మ్యాడ్‌లిబ్‌వి. సుమారు 46 నిమిషాల్లో 22 ట్రాకులు. కాబట్టి వినడానికి, మాట్లాడుకోవడానికి కలిపి గంటన్నర కేటాయించండి.

ఐదారుగురు చాలు. అందరూ ర్యాప్ అభిమానులే అయితే మాటలన్నీ ఒకేలా వస్తాయి. సినిమా పాటలు తప్ప వినని ఇద్దరిని, తబలానో మృదంగమో వాయించే ఒకరిని కలుపుకోండి. గంజాయి ప్రస్తావనలు, బూతులు ఉన్నాయని ముందే చెప్పండి, పిల్లల్ని కూర్చోబెట్టకండి.

యాప్‌లో షఫుల్, ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపేయండి. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ అసలు వద్దు. అందులో బేస్ పోయి డూమ్ గొంతు ఒక్కటే మిగులుతుంది, విన్నవాళ్లు చప్పగా ఉందంటారు. అది ఆల్బమ్ మీద కాదు, స్పీకర్ మీద తీర్పు.

ఒక్కొక్కరికీ మూడు గడులున్న కాగితం ఇవ్వండి: సమయం, వినిపించింది, అనిపించింది. మార్కులు, నక్షత్రాలు వద్దు. అంకె వేశాక దాన్ని సమర్థించుకోవడానికే విన్నదంతా వాడుకుంటారు. మొదటి విడత పూర్తిగా మౌనంగా సాగాలి. ఎవరైనా ఒకరు మధ్యలో ‘అబ్బా’ అన్నారంటే మిగతావాళ్ల కాగితాలు అటే మళ్లుతాయి. లిరిక్స్ కూడా ఇప్పుడే ఇవ్వకండి, ఇస్తే చదువుతారు తప్ప వినరు.

తర్వాత కాగితాలు చదివించండి. కొన్ని ఫిర్యాదులు దాదాపు ప్రతిసారీ వస్తాయి. వాటికి సమాధానం చెప్పి సర్దేయకుండా ఎదురు ప్రశ్న వేయండి.

మొదలయ్యేలోపే పాట అయిపోయిందంటే, వాళ్లు పల్లవి తిరిగొస్తుందని ఎదురుచూశారన్నమాట. ఇక్కడ చాలా పాటలకు పల్లవే లేదు, సగటు నిడివి రెండు నిమిషాలు. మరి ఏది మనసులో తిరుగుతోందో హమ్ చేయమనండి. చాలామంది ‘అకార్డియన్’ పాటలో తిరిగి తిరిగి వచ్చే సంగీతపు ముక్కను, అంటే లూప్‌ను, అందుకుంటారు. డెడలస్ అనే సంగీతకారుడి రికార్డింగ్ నుంచి తీసిన ఆ ముక్కే అక్కడ పల్లవి పని చేస్తుంది.

చిటపట శబ్దం విని ఫైలు పాడైందనుకునేవాళ్లుంటారు. అది పాత వినైల్ రికార్డుల గరగర, కావాలని ఉంచింది. ఈ బీట్లలో కొన్నింటిని మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లినప్పుడు హోటల్ గదిలో పాత పాటల ముక్కలు కోసి కలిపే చిన్న శాంప్లర్ యంత్రం, పోర్టబుల్ టర్న్‌టేబుల్‌తో చేశాడు.

గొంతులో ఊపు లేదన్న మాట దగ్గర కాసేపు ఆగండి. విడుదలకు ముందే తొలి రికార్డింగులు లీకయ్యాయి. ఆ తర్వాత డూమ్ తన గొంతును మరింత నెమ్మదిగా, బొంగురుగా మార్చి మళ్లీ పాడాడు. ఆ ఊపు ప్రాసలోకి వెళ్లింది. పాదం చివర ఒక్క మాట కలిపి ఊరుకోడు, మూడు నాలుగు మాటల వరసను మరో వరసతో అచ్చుల్లో సరితూగేలా పేరుస్తాడు. మన అంత్యప్రాసకు అలవాటుపడ్డ చెవి చివరి మాట కోసమే చూసి మధ్యలోది వదిలేస్తుంది. ‘మీట్ గ్రైండర్’ మళ్లీ పెట్టి, లిరిక్స్ చేతికిచ్చి, ప్రాస కలిసిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీయమనండి. కాగితం గీతలతో నిండిపోతుంది. అనుమానంతో కూర్చున్నవాళ్లు ముందుకు వంగేది ఎక్కువగా ఇక్కడే.

ఎంతమంది పాడుతున్నారో తెలియలేదన్నవాళ్లకు రెండు సంగతులు చెప్పండి. క్వాజిమోటో అనే పాత్ర సన్నటి గొంతు పిచ్ పెంచిన మ్యాడ్‌లిబ్‌దే. ‘ఫ్యాన్సీ క్లౌన్’లో డూమ్ మరో అవతారమైన విక్టర్ వాన్ తన ప్రియురాలు డూమ్‌తో తిరుగుతోందని మండిపడతాడు. తిట్టేదీ, తిట్లు తినేదీ ఒక్క మనిషే.

పాత హిందీ సినిమా సంగీతం ఇష్టపడేవాళ్లు ఇంకా దూరంగానే ఉండిపోతే, 2007లో వచ్చిన మ్యాడ్‌లిబ్ ‘బీట్ కండక్టా ఇన్ ఇండియా’ వినమనండి. తెలిసిన సంగీతాన్ని అతను ఎలా కోసి అతికిస్తాడో పట్టుకుంటే ఇటు రావడం తేలిక.

వారం ఆగి అదే మనుషులతో ఇంకోసారి వినిపించండి, ఈసారి కొత్త కాగితం మీద. పాతది ముందు చూపించకండి. రాసేటప్పుడు ఒక్కో శ్రోత రెండు స్పందనలనూ తేదీలతో పక్కపక్కనే పెట్టండి. రెండోసారీ నచ్చలేదన్నవాళ్ల మాటను మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు రాయండి.