అల్యూమినియం క్లోరైడ్ బుసకొడితే తడి ఎక్కడిదో వెతకండి

కార్తీకం వచ్చిందంటే మా నెల్లూరు తీరంలో ఆరేసిన గుడ్డ రెండు రోజులైనా ఆరదు. ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితోపాటు సముద్రం మీద నుంచి వచ్చే గాలి. కావలి దగ్గర ఓ మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో 14 ఏళ్లు షిఫ్టులు చూశాను. అల్యూమినియం క్లోరైడ్ పెట్టిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ అక్టోబరు, నవంబరు నెలల్లోనే వచ్చాయి. చిక్కు ఏ రూపంలో కనిపించినా, తవ్వుతూ పోతే చివరికి దొరికేది తడే.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఈ పేరుతో మూడు సరుకులు తిరుగుతుంటాయి. రొయ్యల ఫ్యాక్టరీల మురుగునీటి ప్లాంట్లలో, తాగునీటి పథకాల్లో వాడే పాలీ అల్యూమినియం క్లోరైడ్ వేరు. నీటిని కలుపుకొని ఉండే హెక్సాహైడ్రేట్ స్ఫటికాలు వేరు. నేను చెప్పేది నీళ్లు లేని అన్‌హైడ్రస్ రకం గురించి. 1877లో ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అనే ఇద్దరు కనిపెట్టిన రియాక్షన్లకు, అంటే బెంజీన్ లాంటి వలయపు అణువులకు కొత్త ముక్క అతికించే పనికి, ఇదే ప్రాణం. మందులు, రంగులు, సుగంధ రసాయనాల తయారీలో నేటికీ దీన్నే వాడుతున్నారు. రవాణాలో దీని నంబరు యూఎన్ 1726, తరగతి 8, అంటే ఒంటినీ లోహాన్నీ తినేసే సరుకు. డ్రమ్ము మీద ఈ నంబరు చూడకుండా మూత మీద చెయ్యి వెయ్యొద్దు.

మూత తియ్యగానే తెల్లటి పొగ, ముక్కులో ఘాటు

ఆ పొగ అల్యూమినియం క్లోరైడ్ పొడి ఎగరడం వల్ల వచ్చింది కాదు. గాలిలోని తడి పొడికి తగిలి హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది, అది మళ్లీ తేమ పట్టి తెల్లగా కనిపిస్తుంది. ఒక కిలో సరుకు పూర్తిగా నీటితో కలిసిపోతే సుమారు 820 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. పనిచేసే చోట గాలిలో అది 5 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో 5 పాళ్లు) దాటకూడదు.

కొద్దిగా పొగ రావడం ఈ సరుకు స్వభావమే. అయితే గది నిండేంత వస్తోందంటే మూత చాలాసేపు తెరిచి ఉందనో, లోపలి పాలిథిన్ లైనర్ చిరిగిందనో అర్థం. చార్జింగ్‌కు, అంటే సరుకును రియాక్టర్లో వెయ్యడానికి, అంతా సిద్ధమయ్యాకే మూత తియ్యండి, ఎగ్జాస్ట్ ముందే నడుస్తూ ఉండాలి. మూతికి కట్టుకున్న తువ్వాలు, దుమ్ము మాస్కు ఈ గ్యాసును ఆపవు. యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జి ఉన్న పూర్తి ముఖం మాస్కే కావాలి. లీకు ఎక్కడో తెలియకపోతే అమ్మోనియా ద్రావణం సీసా మూత తీసి గాస్కెట్ల దగ్గర తిప్పండి. లీకు ఉన్నచోట పొగ చిక్కగా లేస్తుంది.

డ్రమ్ము ఉబ్బింది, బిరడా దగ్గర బుస

ఇది అన్నిటికంటే భయపడాల్సిన గుర్తు. లోపలికి తడి వెళ్లాక మూత బిగించేశారు. 18 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే ఒక గుక్క కూడా కాదు, చేరితే సుమారు 25 లీటర్ల గ్యాసు పుడుతుంది. అది పోవడానికి దారి లేదు. సగం వాడిన డ్రమ్ముల్లో, వానాకాలంలో, రాత్రి షిఫ్టు తొందరలో జరిగేది ఇదే.

సుత్తితో కొట్టకండి, దొర్లించకండి, ఎండలోకి లాగకండి. చుట్టుపక్కల మనుషుల్ని గాలి వచ్చే వైపుకు పంపండి. ఒత్తిడి వదిలే పని శ్వాస పరికరం, పూర్తి సూటు వేసుకున్న శిక్షణ ఉన్న మనిషిదే. అతను పక్కన నిలబడి బిరడాను పావు చుట్టు చొప్పున వదులు చేస్తాడు. ఆ పని హెల్పర్‌కు అప్పజెప్పకండి. ఇక ముందు రాకుండా ఉండాలంటే సగం డ్రమ్ము మిగిలేలా బ్యాచి లెక్క వెయ్యొద్దు. తప్పనిసరై మిగిలితే పొడి నైట్రోజన్ పంపి మూసి, తేదీ రాయండి.

పొడి గడ్డ కట్టింది, రంగు మారింది

గడ్డ కట్టిందంటే తడి తాగింది. దాన్ని వేడి చేసి ఆరబెట్టొచ్చని కొందరు అనుకుంటారు. కుదరదు. నీళ్లు పట్టినదాన్ని వేడి చేస్తే నీళ్లు పోయి పాత సరుకు మిగలదు, హైడ్రోజన్ క్లోరైడ్ వదిలి చివరికి అల్యూమినా అవుతుంది. దాన్ని పక్కన పెట్టాల్సిందే.

లేత పసుపు చాలాసార్లు ఇనుము జాడ వల్ల వస్తుంది. రంగు పట్టింపు లేని రియాక్షన్‌కు పనికొస్తుంది. బూడిద రంగైతే కలవని అల్యూమినియం లోహం ఉండొచ్చు. అది క్వెంచ్‌లో (రియాక్షన్ అయ్యాక సరుకును చల్లని పలుచని ఆమ్లంలోకి వదిలే దశలో) ఆమ్లానికి తగిలి హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి అలాంటి లాట్‌ను కెమిస్టుకు చూపించకుండా చార్జ్ చెయ్యొద్దు.

రియాక్షన్ కదలడం లేదు

సరుకును తిట్టే ముందు సాల్వెంట్‌ను చూడండి. 1,000 లీటర్ల ఇథిలీన్ డైక్లోరైడ్ సుమారు 1,250 కిలోలు తూగుతుంది. అందులో తేమ 0.1 శాతమే ఉన్నా 1.25 కిలోల నీళ్లున్నట్టు. అవి కనీసం 3 కిలోల అల్యూమినియం క్లోరైడ్‌ను తినేస్తాయి, పైగా రెండున్నర కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వెంట్ లైన్లోకి వస్తుంది. అప్పుడు ఆ గ్యాసును కాస్టిక్ ద్రావణంతో కడిగే స్క్రబ్బర్ ఎందుకు వేడెక్కిందో కూడా తెలిసిపోతుంది. కార్ల్ ఫిషర్ రిపోర్టు (సాల్వెంట్‌లో తేమ ఎంతుందో చెప్పే పరీక్ష) లేకుండా చార్జింగ్ మొదలుపెట్టకండి. కడిగిన రియాక్టర్ అడుగున, వాల్వు మెడలో నిలిచిన నీటిని మరవకండి. కంప్రెషర్ గాలితో లైన్ ఊదితే ఆ గాలిలోనూ తడి ఉంటుంది.

ఎసైలేషన్ (కీటోన్ తయారుచేసే ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ రియాక్షన్) అయితే ఇంకో కారణం కూడా ఉంది. తయారైన కీటోన్ అల్యూమినియం క్లోరైడ్‌ను పట్టుకొని వదలదు కాబట్టి ఒక మోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలత) కీటోన్‌కు ఒక మోల్ కంటే కాస్త ఎక్కువే వెయ్యాలి. చిటికెడు వేస్తే చాలుననే లెక్క ఇక్కడ పనిచెయ్యదు.

క్వెంచ్‌లో ఒక్కసారిగా పొంగింది

దాదాపు ప్రతిసారీ తప్పు క్రమంలోనే ఉంటుంది. రియాక్షన్ మాస్, అంటే రియాక్టర్లోని మిశ్రమం, మీద నీళ్లు పోశారు. ఆ మాస్‌నే ఐసు కలిపిన పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి, ఉష్ణోగ్రత చూసుకుంటూ సన్నగా వదలాలి. మధ్యలో అజిటేటర్ (కలియతిప్పే యంత్రం) ఆగితే ఫీడు వెంటనే ఆపండి. ఆగిన సంగతి తెలియక పోస్తూ పోతే మాస్ అడుగున పొరగా పేరుకుంటుంది, తిరిగి తిప్పగానే అంతా ఒకేసారి రగులుతుంది. క్వెంచ్‌కు ముందే స్క్రబ్బర్‌లో కాస్టిక్ బలం పరీక్షించండి.

ఆ కడిగిన నీళ్లు ఈటీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటుకు) వెళ్లాక మడ్డి జావలా తేలుతోంటే పీహెచ్ చూడండి. 6 నుంచి 7.5 మధ్య అల్యూమినియం హైడ్రాక్సైడ్ బాగా దిగుతుంది. కాస్టిక్ ఎక్కువై 9 దాటితే మళ్లీ కరిగిపోతుంది.

కింద ఒలికింది

ఓ నవంబరు రాత్రి కుర్రవాడొకడు ఒలికిన పొడిని శుభ్రం చేద్దామని గొట్టంతో నీళ్లు కొట్టాడు. షెడ్డంతా తెల్లబడిపోయింది. తలుపు ఎటుందో కనిపించక గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, దగ్గు తగ్గడానికి నెల పట్టింది. తప్పు వాడిది కాదు. నీళ్లు కొట్టకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు, ఆ షిఫ్టులో చెప్పాల్సినవాణ్ని నేనే.

పొడి ఇసుక కప్పి, పొడి ప్లాస్టిక్ పారతో ఎత్తి, గట్టిగా బిగించని డబ్బాలో వెయ్యండి. ఇసుక బకెట్లు షెడ్డు బయట పెడితే వానకు తడుస్తాయి, తడి ఇసుక వేస్తే నీళ్లు కొట్టినట్టే. వాటిని కప్పు కిందే ఉంచండి.

ఒంటి మీద, కంట్లో పడింది

పొడిగా ఉన్నప్పుడే గుడ్డతో దులపండి, చొక్కా విప్పేయండి. తర్వాత షవరు కింద ధారగా కడగండి, కొద్దిపాటి నీళ్లతో రుద్దితే మంట పెరుగుతుంది. కంట్లో పడితే ఒక్క క్షణం కూడా ఆగకండి, రెప్పలు తెరిచిపట్టి 20 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండండి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. పొగ పీల్చిన మనిషి బాగానే ఉన్నానన్నా ఇంటికి పంపొద్దు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు.

ఖాళీ డ్రమ్ము

ఖాళీ డ్రమ్ములు పాతసామాన్ల అంగడికి చేరి, అక్కడి నుంచి ఊళ్లోకి వస్తాయి. కొన్నవాళ్లు ఇంటికెళ్లి నీళ్లు పోస్తారు. అడుగున అతుక్కున్న పొడి ఆ క్షణాన ముఖం మీదికి లేస్తుంది. లైనర్ తీసి, జాగాలోనే విధానం ప్రకారం శుద్ధి చేసి, రంధ్రాలు పొడిచాకే గేటు దాటనివ్వండి.